ఆర్మీ చీఫ్‌ను ఎవరు ఎంపిక చేస్తారు? మధ్యలో కుర్చీ ఖాళీ అయితే ఏం జరుగుతుంది? సీడీఎస్ నుంచి రక్షణ కార్యదర్శి దాకా పూర్తి వివరాలు

దేశ రక్షణ వ్యవస్థలో పెద్ద కుర్చీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ అంటే సీడీఎస్, ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ చీఫ్‌లు, వీళ్లతో పాటు రక్షణ శాఖ కార్యదర్శి. ఈ ఐదుగురిలో ఎవరు మారినా బ్రేకింగ్ న్యూసే. కొత్త చీఫ్ పేరు ప్రకటించగానే ఫొటోలు, బ్యాచ్, మెడల్స్ అన్నీ వైరల్ అయిపోతాయి. కానీ అసలు ఆ పేరు ఎలా తేలింది? సీనియర్‌నే తీసుకోవాలని రూల్ ఉందా? చీఫ్‌ను మధ్యలో తీసేయొచ్చా? ఆ పదవి ఖాళీగా ఉంటే నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు? ఇలాంటి ప్రశ్నలకు జవాబులు చాలామందికి తెలియవు. ఆ వివరాలేంటో ఇప్పుడు చూద్దాం.

రాజ్యాంగం ఏం చెబుతోంది?

ముందుగా ఓ విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. దేశ సాయుధ దళాలకు సర్వసైన్యాధ్యక్షుడు ఆర్మీ చీఫ్ కాదు, సీడీఎస్ కూడా కాదు. ఆ అధికారం రాజ్యాంగంలోని 53వ అధికరణ ప్రకారం రాష్ట్రపతిది. అయితే రాష్ట్రపతి కేంద్ర మంత్రివర్గం సలహా మేరకే నడుచుకుంటారు. అంటే ఆచరణలో నిర్ణయం ఎన్నికైన ప్రభుత్వానిదే.

310వ అధికరణ మరింత కీలకం. సైన్యంలో పనిచేసే ప్రతి ఒక్కరూ, చీఫ్‌తో సహా, రాష్ట్రపతి అభీష్టం ఉన్నంత వరకే పదవిలో ఉంటారు. సివిల్ ఉద్యోగులకు 311వ అధికరణ కింద దొరికే రక్షణ సైనికాధికారులకు వర్తించదు. ఇందుకే ఓ నేవీ చీఫ్‌ను ఒక్క ఉత్తర్వుతో ఇంటికి పంపించగలిగారు. ఆ కథ తర్వాత చెప్పుకుందాం.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో 'కమాండర్ ఇన్ చీఫ్' అనే పదవి ఉండేది. 1949 జనవరి 15న కె.ఎం. కరియప్ప ఆ బాధ్యత తీసుకున్న తొలి భారతీయుడయ్యారు. ఏటా ఆ రోజునే ఆర్మీ డే జరుపుకుంటున్నాం. 1955లో ఆ పేరు తీసేసి 'చీఫ్ ఆఫ్ ఆర్మీ స్టాఫ్'గా మార్చారు. నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లకూ అదే పద్ధతి వచ్చింది. మూడు దళాలకూ సమాన హోదా ఉంటుందని, అందరి పైనా ప్రభుత్వం ఉంటుందని ఆ మార్పు చెప్పకనే చెప్పింది.

ఎంపిక ఎలా జరుగుతుంది?

చీఫ్ పదవికి పరీక్ష ఉండదు, ఇంటర్వ్యూ కూడా ఉండదు. పదవి ఖాళీ కావడానికి కొన్ని నెలల ముందు రక్షణ శాఖ కసరత్తు మొదలుపెడుతుంది. అర్హత ఉన్న సీనియర్ కమాండర్ల పేర్లు, వాళ్ల సర్వీసు రికార్డులు, ఎక్కడెక్కడ పనిచేశారు, ఏయే ఆపరేషన్లు నడిపారు అనే వివరాలతో ఫైలు సిద్ధమవుతుంది. నిఘా వర్గాల క్లియరెన్స్ కూడా తీసుకుంటారు. ఆ ఫైలు రక్షణ మంత్రి ద్వారా ప్రధాని అధ్యక్షతన ఉండే కేబినెట్ నియామకాల కమిటీకి వెళుతుంది. అక్కడ ఆమోద ముద్ర పడితే పేరు ఖరారైనట్టే.

అమెరికాలో అయితే ఇలాంటి పదవులకు సెనెట్ ఆమోదం కావాలి. అభ్యర్థిని సెనెటర్లు బహిరంగంగా ప్రశ్నలు అడుగుతారు. మన దగ్గర పార్లమెంటు ముందు అలాంటి విచారణ ఏదీ ఉండదు. అందుకే పేరు ప్రకటించే దాకా ఊహాగానాలు, ప్రకటించాక చర్చలు నడుస్తుంటాయి.

పదవీకాలం లెక్క ఇదీ

మూడు దళాల చీఫ్‌లకు రూల్ ఒక్కటే. మూడేళ్ల పదవీకాలం లేదా 62 ఏళ్ల వయసు, ఏది ముందు వస్తే అది. సీడీఎస్‌కు గరిష్ఠ వయసు 65 ఏళ్లు. ఆర్మీలో లెఫ్టినెంట్ జనరల్ స్థాయి అధికారి మాత్రం 60 ఏళ్లకే రిటైర్ అవుతారు. చీఫ్‌ల మూల వేతనం నెలకు రూ. 2.5 లక్షలు, అంటే కేబినెట్ కార్యదర్శితో సమానం.

ఈ అంకెలు చూడ్డానికి మామూలుగా ఉన్నా, అసలు ఆటంతా వీటి మీదే నడుస్తుంది. ఒక అధికారి పుట్టినరోజు రెండు నెలలు అటూ ఇటూ అయితే చీఫ్ అయ్యే అవకాశమే పోవచ్చు. ప్రస్తుత చీఫ్‌కు కొన్ని నెలలు పొడిగింపు ఇస్తే, వరుసలో ఉన్న సీనియర్ ఈలోపే రిటైర్ అయిపోవచ్చు. 1970ల మధ్యలో అచ్చంగా ఇదే జరిగింది. అప్పటి ఆర్మీ చీఫ్ జనరల్ బెవూర్ పదవీకాలాన్ని పొడిగించడంతో, తర్వాతి వరుసలో ఉన్న లెఫ్టినెంట్ జనరల్ పి.ఎస్. భగత్ చీఫ్ కాకుండానే పదవీ విరమణ చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో విక్టోరియా క్రాస్ అందుకున్న అధికారి ఆయన.

ఇటీవలి ఉదాహరణ 2024లో కనిపించింది. జనరల్ మనోజ్ పాండే మే 31న రిటైర్ కావాల్సి ఉండగా, ప్రభుత్వం ఆయనకు ఒక నెల పొడిగింపు ఇచ్చింది. అప్పటికి లోక్‌సభ ఎన్నికలు నడుస్తున్నాయి. తర్వాతి వరుసలో ఉన్న ఇద్దరు సీనియర్ లెఫ్టినెంట్ జనరల్స్ కూడా జూన్ 30నే రిటైర్ కావాల్సిన వాళ్లు. దీంతో సీనియారిటీ తారుమారు అవుతుందా అని పెద్ద చర్చే జరిగింది. ఫలితాలు వచ్చి కొత్త ప్రభుత్వం కొలువుదీరాక, జూన్ 11న లెఫ్టినెంట్ జనరల్ ఉపేంద్ర ద్వివేది పేరు ప్రకటించారు. అందరిలో సీనియర్ ఆయనే. జూన్ 30న బాధ్యతలు తీసుకున్నారు. ఊహాగానాలకు తెరపడింది.

సీనియర్‌నే తీసుకోవాలా?

అలాంటి రూల్ ఎక్కడా లేదు. అది సంప్రదాయం మాత్రమే. చాలాసార్లు పాటించారు, కొన్నిసార్లు పక్కన పెట్టారు. పక్కన పెట్టిన ప్రతిసారీ వివాదం రేగింది.

1983: అప్పటి ఆర్మీ చీఫ్ మన తెలుగువాడైన జనరల్ కె.వి. కృష్ణారావు. 1981 నుంచి రెండేళ్లకు పైగా ఆ పదవిలో ఉన్నారు. ఆయన తర్వాత లెఫ్టినెంట్ జనరల్ ఎస్.కె. సిన్హా చీఫ్ అవుతారని అంతా అనుకున్నారు. కానీ ఇందిరా గాంధీ ప్రభుత్వం జనరల్ ఎ.ఎస్. వైద్య వైపు మొగ్గింది. సిన్హా వెంటనే ముందస్తు పదవీ విరమణ తీసుకున్నారు. కృష్ణారావు ఆ తర్వాత ఈశాన్య రాష్ట్రాలకు, జమ్మూకశ్మీర్‌కు గవర్నర్‌గా పనిచేశారు.

2016: లెఫ్టినెంట్ జనరల్స్ ప్రవీణ్ బక్షి, పి.ఎం. హారిజ్‌లను కాదని బిపిన్ రావత్‌ను ఆర్మీ చీఫ్‌గా ఎంపిక చేశారు. పాకిస్తాన్ సరిహద్దులో, ఈశాన్యంలో ఆయనకు ఉన్న అనుభవమే కారణమని ప్రభుత్వ వర్గాలు చెప్పాయి. ప్రతిపక్షాలు మాత్రం గట్టిగా ప్రశ్నించాయి.

2019: నేవీ చీఫ్‌గా అడ్మిరల్ కరంబీర్ సింగ్‌ను ఎంపిక చేసినప్పుడు, ఆయనకంటే సీనియర్ అయిన వైస్ అడ్మిరల్ బిమల్ వర్మ సాయుధ దళాల ట్రిబ్యునల్ తలుపు తట్టారు. అయినా నియామకం ఆగలేదు. అప్పటికి కరంబీర్ సింగ్ విశాఖపట్నంలోని తూర్పు నౌకాదళ కమాండ్‌కు అధిపతి. అంతకుముందు సురీష్ మెహతా 2006లో, నిర్మల్ వర్మ 2009లో ఇదే విశాఖ కమాండ్ నుంచి ఢిల్లీ వెళ్లి నేవీ చీఫ్ అయ్యారు.

ఇంతకీ ఎవరి వాదనలో పస ఉంది? సీనియారిటీని సమర్థించే వాళ్లు చెప్పేది ఒక్కటే. వరుస ముందే తెలిసి ఉంటే పైరవీలకు చోటుండదు, అధికారులు రాజకీయ నాయకుల చుట్టూ తిరగరు. రెండో వైపు వాదన కూడా బలమైనదే. పుట్టిన తేదీని బట్టి చీఫ్ తేలిపోతే, ఇక ప్రభుత్వానికి ఎంపిక అధికారం ఉండి ఏం లాభం? లక్షల మంది సైనికులను నడిపించే మనిషికి సరైన అనుభవం ఉందా లేదా అన్నది చూడొద్దా? ఎవరిని ఎంచుకున్నా, ఎందుకు ఎంచుకున్నారో కారణం బయటికి చెప్పాల్సిన పని ప్రభుత్వానికి లేదు. అనుమానాలకు అసలు మూలం అదే.

రాజీనామాలు, వేట్లు

పదవీకాలం పూర్తి కాకుండా చీఫ్‌లు తప్పుకున్న సందర్భాలు తక్కువే. కానీ ఒక్కొక్కటీ ఒక్కో పాఠం.

1959, తిమ్మయ్య: ఆర్మీ చీఫ్ జనరల్ కె.ఎస్. తిమ్మయ్యకు, రక్షణ మంత్రి వి.కె. కృష్ణ మీనన్‌కు అస్సలు పొసగలేదు. పదోన్నతుల వ్యవహారంలో గొడవ ముదిరి, ఆగస్టు చివర్లో తిమ్మయ్య రాజీనామా ఇచ్చేశారు. ప్రధాని నెహ్రూ బుజ్జగించడంతో వెనక్కి తీసుకున్నారు. విషయం మాత్రం బయటికి పొక్కి పార్లమెంటు దాకా వెళ్లింది. 1961లో ఆయన రిటైర్ అయ్యారు.

1962, థాపర్: చైనా యుద్ధంలో ఎదురుదెబ్బ తగలడంతో పై స్థాయిలో అంతా మారిపోయింది. కృష్ణ మీనన్ ముందు రక్షణ శాఖను, నవంబర్‌లో మంత్రివర్గాన్నే వదులుకున్నారు. ఆర్మీ చీఫ్ జనరల్ పి.ఎన్. థాపర్ తప్పుకున్నారు. యశ్వంతరావు చవాన్ రక్షణ మంత్రిగా, జనరల్ జె.ఎన్. చౌధురి ఆర్మీ చీఫ్‌గా వచ్చారు. ఈ చౌధురి పేరు తెలంగాణలో పాతతరానికి బాగా తెలుసు. 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ మీద పోలీసు చర్యకు నాయకత్వం వహించి, ఆ తర్వాత హైదరాబాద్ రాష్ట్రానికి మిలటరీ గవర్నర్‌గా పనిచేసింది ఆయనే.

1998, విష్ణు భగవత్: స్వతంత్ర భారత చరిత్రలో ప్రభుత్వం వేటు వేసిన తొలి దళాధిపతి ఈయనే. నేవీ డిప్యూటీ చీఫ్‌గా వైస్ అడ్మిరల్ హరీందర్ సింగ్‌ను ప్రభుత్వం నియమిస్తే, ఆ ఉత్తర్వును అమలు చేయడానికి భగవత్ ఒప్పుకోలేదు. జార్జి ఫెర్నాండెజ్ రక్షణ మంత్రిగా ఉన్న ఆ రోజుల్లో, డిసెంబర్ 30న ఆయన్ను పదవి నుంచి తొలగించారు. సుశీల్ కుమార్ కొత్త చీఫ్ అయ్యారు. 310వ అధికరణకు ఎంత బలం ఉందో ఆ రోజు అందరికీ అర్థమైంది.

2012, వి.కె. సింగ్: ఇది పుట్టిన తేదీ గొడవ. తాను పుట్టింది 1951లో అని ఆర్మీ చీఫ్ జనరల్ వి.కె. సింగ్ అంటే, రికార్డుల్లో 1950 అని ఉంది కాబట్టి అదే లెక్క అని ప్రభుత్వం అంది. ఏడాది తేడా అంటే పదవిలో ఇంకో ఏడాది. పదవిలో ఉన్న చీఫ్ ప్రభుత్వం మీదే సుప్రీంకోర్టుకు వెళ్లడం దేశమంతా చూసింది. కోర్టు మొగ్గు చూపకపోవడంతో ఫిబ్రవరిలో పిటిషన్ వెనక్కి తీసుకున్నారు. మే 31న రిటైర్ అయ్యారు. రెండేళ్లకు ఎంపీగా గెలిచి కేంద్ర మంత్రి కూడా అయ్యారు.

2014, డి.కె. జోషి: అంతకుముందు ఏడాది ఆగస్టులో ముంబైలో సింధురక్షక్ సబ్‌మెరైన్ పేలిపోయి 18 మంది నావికులు చనిపోయారు. 2014 ఫిబ్రవరి 26న సింధురత్న సబ్‌మెరైన్‌లో ప్రమాదం జరిగి ఇద్దరు అధికారులు మరణించారు. అదే రోజు నేవీ చీఫ్ అడ్మిరల్ జోషి నైతిక బాధ్యత వహిస్తూ రాజీనామా చేశారు. ప్రభుత్వం వెంటనే ఆమోదించింది. కొత్త చీఫ్‌ను ప్రకటించడానికి మాత్రం ఏప్రిల్ 17 దాకా ఆగింది. అప్పటిదాకా వైస్ చీఫ్ రాబిన్ ధోవన్ తాత్కాలికంగా నెట్టుకొచ్చారు. చివరికి ఆయన్నే చీఫ్‌గా నియమించారు. సీనియర్ అయిన వైస్ అడ్మిరల్ శేఖర్ సిన్హా స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు.

సీడీఎస్ పదవి ఎందుకొచ్చింది?

1999 కార్గిల్ యుద్ధం తర్వాత కె. సుబ్రహ్మణ్యం నేతృత్వంలోని సమీక్ష కమిటీ ఉన్నత స్థాయి రక్షణ నిర్వహణలో లోపాలను ఎత్తిచూపింది. 2001లో మంత్రుల బృందం మూడు దళాలకూ ఉమ్మడిగా ఒక సైనిక సలహాదారు కావాలని సిఫార్సు చేసింది. ఆ మాట అమల్లోకి రావడానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. 2019 ఆగస్టు 15న ఎర్రకోట నుంచి ప్రధాని నరేంద్ర మోదీ సీడీఎస్ పదవిని ప్రకటించారు. 2020 జనవరి 1న జనరల్ బిపిన్ రావత్ తొలి సీడీఎస్‌గా బాధ్యతలు స్వీకరించారు.

సీడీఎస్ అంటే మూడు దళాలకూ 'బాస్' అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ముగ్గురు చీఫ్‌ల మీద ఆయనకు మిలటరీ కమాండ్ అధికారం లేదు. ఆయన పనులు ప్రధానంగా మూడు. త్రివిధ దళాలకు సంబంధించిన అంశాల్లో రక్షణ మంత్రికి ముఖ్య సైనిక సలహాదారు. చీఫ్స్ ఆఫ్ స్టాఫ్ కమిటీకి శాశ్వత ఛైర్మన్. కొత్తగా ఏర్పాటైన సైనిక వ్యవహారాల విభాగానికి కార్యదర్శి. మూడు దళాలను కలిపి థియేటర్ కమాండ్లుగా మార్చే పెద్ద సంస్కరణ బాధ్యత కూడా ఆయన భుజాల మీదే పెట్టారు. పదవి దిగిపోయాక ప్రభుత్వ పదవులేవీ చేపట్టకూడదన్న షరతు కూడా ఉంది.

తొమ్మిది నెలలకు పైగా ఖాళీ కుర్చీ

2021 డిసెంబర్ 8. సూలూరు ఎయిర్‌బేస్ నుంచి వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీకి బయల్దేరిన ఎంఐ-17వీ5 హెలికాప్టర్ తమిళనాడులోని కూనూరు దగ్గర కూలిపోయింది. జనరల్ రావత్, ఆయన భార్య సహా 13 మంది ఆ రోజే చనిపోయారు. గాయాలతో బయటపడిన గ్రూప్ కెప్టెన్ వరుణ్ సింగ్ వారం తర్వాత ప్రాణాలు విడిచారు. మృతుల్లో చిత్తూరు జిల్లాకు చెందిన ఓ యువ లాన్స్ నాయక్ కూడా ఉన్నారు.

కమాండర్ లేకపోతే తర్వాతి వాడు బాధ్యత తీసుకోవాలి, సైన్యంలో అది నిత్య సూత్రం. కానీ సీడీఎస్‌కు అలా వరుసలో తర్వాతి వాడు ఎవరూ లేరు. వైస్ సీడీఎస్ పదవి లేదు. దాంతో పాత పద్ధతిలోనే, ముగ్గురిలో సీనియర్ అయిన ఆర్మీ చీఫ్ జనరల్ నరవణె చీఫ్స్ ఆఫ్ స్టాఫ్ కమిటీ ఛైర్మన్‌గా వ్యవహరించారు. కొత్త సీడీఎస్ రావడానికి మాత్రం తొమ్మిది నెలలకు పైగా పట్టింది.

ఈలోపు 2022 జూన్‌లో ప్రభుత్వం నిబంధనలు మార్చింది. అప్పటిదాకా నాలుగు నక్షత్రాల హోదా ఉన్న చీఫ్‌లే సీడీఎస్ అవుతారన్న అంచనా ఉండేది. కొత్త రూల్‌తో మూడు నక్షత్రాల అధికారులకు, అంటే లెఫ్టినెంట్ జనరల్, వైస్ అడ్మిరల్, ఎయిర్ మార్షల్ స్థాయి వాళ్లకూ దారి తెరుచుకుంది. రిటైర్ అయిన వాళ్లయినా సరే, నియామకం నాటికి 62 ఏళ్లు నిండకపోతే చాలు. అలా 2021 మేలోనే రిటైర్ అయిన తూర్పు కమాండ్ మాజీ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ అనిల్ చౌహాన్‌కు జనరల్ హోదా ఇచ్చి, సీడీఎస్‌గా నియమించారు. 2022 సెప్టెంబర్ 30న ఆయన బాధ్యతలు తీసుకున్నారు.

అర్హుల జాబితా పెరిగితే ఎంపికకు వీలు పెరుగుతుంది, నిజమే. అదే సమయంలో, నిన్నటిదాకా తమకంటే ఒక మెట్టు కింద ఉన్న అధికారి సలహాదారుగా వస్తే చీఫ్‌లు ఎలా తీసుకుంటారన్న ప్రశ్న కూడా వచ్చింది. పదవికి ఉన్న గౌరవాన్ని నక్షత్రాలు కాదు, పని తీరే నిలబెట్టాలని అటు వైపు వాళ్ల జవాబు.

రక్షణ కార్యదర్శి మాటేంటి?

యూనిఫామ్ లేకపోయినా ఈ ఐఏఎస్ అధికారి చాలా పవర్‌ఫుల్. రక్షణ శాఖలోని వేర్వేరు విభాగాల మధ్య సమన్వయం ఆయన పనే. పదవీకాలం సాధారణంగా రెండేళ్లు. ఆంధ్రప్రదేశ్ కేడర్‌కు చెందిన 1988 బ్యాచ్ ఐఏఎస్ గిరిధర్ అరమణె 2022 నవంబర్ 1 నుంచి 2024 అక్టోబర్ 31 దాకా ఈ బాధ్యతల్లో ఉన్నారు. ఆయన తర్వాత కేరళ కేడర్‌కు చెందిన రాజేశ్ కుమార్ సింగ్ వచ్చారు. ఇక్కడ గమనించాల్సిన విషయం ఏంటంటే, కొత్త కార్యదర్శి పేరు ఆగస్టులోనే ప్రకటించి, ముందు ఓఎస్డీగా కూర్చోబెట్టారు. రెండు నెలలకు పైగా పని నేర్చుకున్నాకే అసలు కుర్చీ ఎక్కారు. బాధ్యతల మార్పిడి ఎలా ఉండాలో చెప్పే ఉదాహరణ ఇది.

డీఆర్‌డీఓ ఛైర్మన్ పదవిలోనూ తెలుగు ముద్ర ఉంది. నెల్లూరు జిల్లాకు చెందిన శాస్త్రవేత్త జి. సతీష్ రెడ్డి 2018 ఆగస్టు నుంచి 2022 ఆగస్టు దాకా ఆ సంస్థను నడిపించారు. హైదరాబాద్‌లో పుట్టిన ఇద్రిస్ హసన్ లతీఫ్ 1978 నుంచి 1981 దాకా ఎయిర్‌ఫోర్స్ చీఫ్‌గా ఉన్నారు.

మంత్రులు మారితే?

చీఫ్‌లకు కనీసం ఒక లెక్క ఉంది. రక్షణ మంత్రికి అదీ లేదు. ఎ.కె. ఆంటోనీ 2006 అక్టోబర్ నుంచి 2014 మే దాకా ఏడున్నరేళ్లు ఆ శాఖను చూశారు. ఆ తర్వాతి ఐదేళ్లలో మాత్రం అరుణ్ జైట్లీ, మనోహర్ పరీకర్, మళ్లీ అదనపు బాధ్యతగా జైట్లీ, తర్వాత నిర్మలా సీతారామన్, ఇలా వరుసగా చేతులు మారింది. 2019 మేలో రాజ్‌నాథ్ సింగ్ వచ్చాక నిలకడ వచ్చింది. ఒక యుద్ధ విమానం కొనుగోలు ఆలోచన దశ నుంచి రన్‌వే మీదకు రావడానికి పదేళ్లు కూడా పడుతుంది. ఆ ఫైలు ఎంతమంది మంత్రులు, ఎంతమంది చీఫ్‌ల చేతులు మారుతుందో ఊహించొచ్చు.

అన్నీ ఒకేసారి మారితే

2024లో ఐదు పెద్ద కుర్చీల్లో నాలుగు మారాయి. ఏప్రిల్ 30న నేవీ చీఫ్‌గా అడ్మిరల్ దినేశ్ త్రిపాఠి, జూన్ 30న ఆర్మీ చీఫ్‌గా జనరల్ ద్వివేది, సెప్టెంబర్ 30న ఎయిర్ చీఫ్ మార్షల్ ఎ.పి. సింగ్, నవంబర్ 1న రక్షణ కార్యదర్శి రాజేశ్ కుమార్ సింగ్. వీళ్లలో ద్వివేది, త్రిపాఠి ఇద్దరూ రీవా సైనిక్ స్కూల్లో ఒకే క్లాసులో చదువుకున్నారు. ఇద్దరు క్లాస్‌మేట్స్ ఒకే సమయంలో రెండు దళాలకు అధిపతులు కావడం విశేషమే.

ఒకే కాలంలో పదవిలోకి వచ్చిన వాళ్లు, ఒకే వయసు వాళ్లు కాబట్టి దిగిపోయే తేదీలూ దగ్గర దగ్గరగానే వస్తాయి. జనరల్ చౌహాన్‌కు 2025 సెప్టెంబర్‌లో ఇచ్చిన పొడిగింపు 2026 మే 30 వరకు. 62 ఏళ్ల లెక్క ప్రకారం నేవీ చీఫ్ త్రిపాఠికి తేదీ 2026 మే 31, ఆర్మీ చీఫ్ ద్వివేదికి జూన్ 30. అంటే ఉత్తర్వులు, నిబంధనల లెక్కలో నెల రోజుల తేడాతో మూడు తేదీలు. పొడిగింపు ఇవ్వాలా, ముందే పేర్లు ప్రకటించాలా, కొత్తవాళ్లకు కాస్త సమయం ఇచ్చి కూర్చోబెట్టాలా అన్నది పూర్తిగా ప్రభుత్వం చేతుల్లో ఉండే విషయం.

క్లుప్తంగా చెప్పాలంటే

చీఫ్‌లను నియమించేది, తొలగించేది ప్రభుత్వమే. పేరుకు రాష్ట్రపతి ఉత్తర్వు.

చీఫ్‌లకు మూడేళ్లు లేదా 62 ఏళ్లు. సీడీఎస్‌కు గరిష్ఠంగా 65 ఏళ్లు.

సీనియారిటీ సంప్రదాయమే కానీ చట్టం కాదు.

చీఫ్ తప్పుకుంటే వైస్ చీఫ్ తాత్కాలికంగా చూస్తారు. సీడీఎస్‌కు మాత్రం అలాంటి రెండో మనిషి లేరు.

ఇన్ని కుదుపులు వచ్చినా ఒక్క విషయంలో మాత్రం మన దేశానికి మంచి రికార్డు ఉంది. రాజీనామా చేసినా, కోర్టుకు వెళ్లినా, వేటు పడినా, ప్రతి చీఫ్ చివరికి ప్రభుత్వ నిర్ణయానికి తలవంచి బయటికి నడిచారు. చుట్టుపక్కల దేశాల్లో సైన్యాధిపతులు ప్రభుత్వాలను కూలదోసిన చరిత్ర చూస్తే, ఇది చిన్న విషయం కాదు. అయితే ఆ క్రమశిక్షణ సైన్యం వైపు నుంచి వచ్చింది. సమయానికి పేరు ప్రకటించడం, కుర్చీ ఖాళీగా వదలకపోవడం, సీనియర్‌ను కాదన్నప్పుడు కారణం చెప్పడం మాత్రం ప్రభుత్వం వైపు నుంచి రావాలి.